ఇంట్లో ఉండిపోయిన సగం

నేను ఒక పెన్సిల్ ముక్కను. ఇప్పుడు బొటనవేలి గోరంత మిగిలాను. ఒకప్పుడు ఎరుపు నలుపు చారలతో జానెడు పొడవు ఉండేదాన్ని. నన్ను రెండుగా కోసిన పొద్దున ఇంట్లో సంచి సర్దుతున్నారు.

అది ఖాకీ గుడ్డ సంచి. నంద్యాలలో రైలుకట్ట పక్క వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న మద్దిలేటిది. సర్దుతున్నది అతని భార్య ఉరుకుందమ్మ. రెండు పంచెలు, ఒక తువ్వాలు, ఒక దుప్పటి, వాన పడితే కప్పుకోవడానికి యూరియా గోతం, గుడ్డలో మూటగట్టిన కొర్రబియ్యం, ఎండుమిరపకాయల పొడి. ఆమె ఒక్కొక్కటే పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టేది. సంచి సర్దడం అయిపోతే మనిషి బయలుదేరతాడని ఆమెకు తెలుసు. అందుకని సర్దడం అవనిచ్చేది కాదు.

అడుగున ఒక చిన్న సుత్తి ఉంది. దాన్ని ఆమె పైకి తీసింది.

"ఏమయ్యా, ఇది ఏంటికి?"

"రాయి దొరికితే సూడల్ల గదా మే. అసలుదైతే సుత్తి దెబ్బకు పగల్దు. కింద బండ పగులుతాది గానీ అది పగల్దు. సుంకన్న చెప్పినాడు."

"పోయినేడు గూడా ఇదే చెప్తివి. యాభై రాళ్లు పగలగొట్టి వస్తివి."

"అవన్నీ ఉత్త రాళ్లు. అందుకే పగిల్నాయి."

ఉరుకుందమ్మకు నవ్వొచ్చింది. సుత్తిని కొంగుతో తుడిచి తానే సంచిలో పెట్టింది.

మీకు ఆ సంగతి కొంచెం చెప్పాలి. తొలకరి పడ్డాక తుగ్గలి, జొన్నగిరి వైపు ఎర్రచేలల్లో వజ్రాలు పైకి తేలతాయని మా జిల్లా అంతా నమ్మకం. వాన కడిగిన మట్టి మీద ఎండ పడగానే తళుక్కుమంటాయట. ఎక్కడెక్కడి వాళ్లూ మూటాముల్లె కట్టుకొని వచ్చి, చేల గట్ల మీద పడుకొని, పగలంతా నడుము వంచి నేల చూస్తూ తిరుగుతారు. తల ఎత్తి ఆకాశం చూసేది మళ్లీ వాన కోసమే. అట్లా చూసేవాళ్లలో మద్దిలేటి ఒకడు. ప్రతి ఏడూ జూన్‌లో పెదనాన్న కొడుకు సుంకన్నతో కలిసి గుంతకల్లు ప్యాసింజరు ఎక్కేవాడు. వినాయక చవితి లోపల వట్టి చేతులతో దిగేవాడు.

అతనికి ఆశ లేదని కాదు. కాని అసలు కారణం బొగ్గు. ఇస్త్రీపెట్టెలో తుమ్మబొగ్గులు రాజేసి, రోజంతా ఆ సెగ ముందు నిలబడి, ఉరుకుందమ్మకు దగ్గు పట్టుకుంది. విసనకర్రతో నిప్పు విసిరినప్పుడల్లా బండి పట్టుకొని వంగిపోయి దగ్గేది. అది చూడలేక అతను ప్రతి ఏడూ ఒకటే మాట అనేవాడు:

"ఒక్కటి పగలకుండా నిలబడితే సాలు. నిన్ను ఇంక ఈ బొగ్గుల ముందర నిలబెట్టను."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఏదో కదిలేది. అతను వెతకబోతున్నది నా తోడబుట్టినదాన్ని. అతను తప్పించాలనుకుంటున్నదీ నా తోడబుట్టినదాన్నే. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు.

నన్ను చూసి మనుషులు సీసం అనుకుంటారు. నాలో సీసం ఒక్క రవ్వ లేదు. నేను కర్బనాన్ని. ఏదో కొండ లోపల నల్లగా, నునుపుగా, పొరలు పొరలుగా పడి ఉన్నదాన్ని. తవ్వి తీసి, పొడిచేసి, బంకమట్టి కలిపి, సన్నటి పుల్లలు చేసి కాల్చారు. రెండు చెక్కల మధ్య ఇరికించి రంగు పూశారు. నా మొదటి యజమాని కట్టెల అడితిలో గుమాస్తా. చెవి మీద పెట్టుకొని మరిచిపోయి, నన్ను ఊరంతా వెతికేవాడు. ఒకరోజు చొక్కా జేబులో ఉండిపోయి ఉరుకుందమ్మ బండి దగ్గరికి వచ్చాను.

జేబులో దొరికిన వస్తువు ఏదైనా మడత పెట్టిన బట్ట మీద పెట్టి తిరిగి ఇచ్చేయడం ఆమె పద్ధతి. ఇచ్చింది. గుమాస్తా, "నువ్వే ఉంచుకోమ్మా, అక్షరాలు నేర్చుకుంటాండావంట గదా" అన్నాడు.

నిజమే. అప్పటికి ఆమె అక్షరాలు మొదలుపెట్టి ఏడాదయింది. మొదటి ఏడు మద్దిలేటి వెళ్లినప్పుడు వారానికొక కార్డు రాశాడు. అతను అయిదో తరగతి దాకా చదివాడు. ఆ కార్డులు పక్కింటి కండక్టరు చదివి పెట్టేవాడు. "నీ దగ్గు ఎట్లుంది" అని రాస్తే, "నిన్ను తలచుకుంటే నిద్ర పట్టలేదు" అని కలిపి చదివేవాడు. వీధి వీధంతా నవ్వేది. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మొగుడు రాసింది తానే చదువుకోవాలనుకుంది. తెల్లచొక్కాల మడత నలగకుండా మధ్యలో పెట్టడానికి పాత కాగితాలు తెచ్చేవాళ్లు. వాటి మీద వేలు పెట్టి, బట్టలకు వచ్చినవాళ్లను ఒక్కొక్కరిని ఒక్కొక్క అక్షరం అడిగేది. 'క' చెప్పింది బ్యాంకు ప్యూను. 'మ' చెప్పింది పూలమ్మే రంగమ్మ. ఒత్తులు చెప్పింది స్టేషన్ పక్క ఇంటి గార్డు భార్య జయలక్ష్మమ్మ. ఏడాదిన్నర పట్టింది.

ఇక ఆ పొద్దున సంగతి. మద్దిలేటి నన్ను చేతిలోకి తీసుకొని, "వానలో సిరా కారిపోతాది. పెన్సిలైతే తడిసినా పోదు. ఇది నాకియ్యి" అన్నాడు. ఉరుకుందమ్మ ఇవ్వలేదు. మరి తానెట్లా రాయాలని అడిగింది. అతను ఆశ్చర్యంగా చూశాడు. ఆమె రాయగలదని అతనికి అప్పటిదాకా తోచలేదు. కత్తిపీట తెచ్చి నన్ను నడిమికి కోశాడు. రెండు సగాలనూ చెక్కాడు. ఒక సగం తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండో సగం ఆమె చేతిలో పెట్టాడు. ఆ రెండో సగాన్ని నేను.

గడప దాటే ముందు ఆమె దీపం సెమ్మె మీద పేరుకున్న మసిని వేలితో తీసి అతని చెవి వెనక చుక్క పెట్టింది.

"సంటిపిల్లోడికి పెట్టినట్ల ఇదేందే" అన్నాడు.

"ఊరకుండు. అక్కడ అందరి కండ్లూ ఆశ కండ్లే."

ఆ మసి కూడా మా చుట్టమే. నా మరో సగమూ, ఆ చుక్కా అతనితో వెళ్లాయి. ఇస్త్రీపెట్టెలో బొగ్గులూ నేనూ ఆమె దగ్గర ఉండిపోయాం. ఎదురుచూడడం అంటే ఏమిటో నాకు ఆరోజు నుంచే తెలుసు.

వారానికొక కార్డు వచ్చేది. అందులో రాత నా మరో సగానిదే కనుక నాకు వేరే చదివి చెప్పనక్కరలేదు. 'బాగా వానలు. బాగున్నాను. దగ్గు ఎట్లుంది.' ఆమె దాన్ని బండి మీద ఇస్త్రీపెట్టె పక్కన ఆనించి, ప్రతి చొక్కాకూ ఒకసారి చదివేది. ప్యాసింజరు కూత వినబడితే పెట్టె పక్కన పెట్టి స్టేషన్ వైపు చూసేది. చవితికి ఇంకా రెండు నెలలుందని తెలిసీ చూసేది. వాన ఎక్కువ పడితే చేలో పిడుగు పడుతుందేమో అనేది. పడకపోతే రాయి కనబడక ఇంకో నెల ఉండిపోతాడేమో అనేది.

జూలైలో ఒకరోజు, పాత పుస్తకాల కట్టలోంచి ఒక కాగితం లాగి చొక్కాలో పెట్టబోతూ ఆగింది. అది ఏదో బడిపుస్తకం పుట. వేలు పెట్టి మెల్లగా చదివింది: "వజ్రము, గ్రాఫైటు, బొగ్గు, మసి ఇవన్నియు కర్బనము యొక్క రూపములే."

మళ్లీ చదివింది. పెట్టె మూత ఎత్తి ఎర్రగా కాలుతున్న బొగ్గులను చూసింది.

"ఓయమ్మ," అంది తనలో తాను. "మద్దిలేటీ, ఇంట్లో ఉన్నేదాన్ని ఇడిసిపెట్టి యాడికి పోయినావయ్యా."

నా జన్మలో మా చుట్టరికాన్ని ఎవరైనా గుర్తుపట్టింది ఆ ఒక్కసారే. బొగ్గును చూసింది కాని, గ్రాఫైటు అంటే తన కొప్పులో గుచ్చుకున్న నేనేనని ఆమెకు తెలియదు. అయినా సంతోషించాను.

కింది వాక్యం చదివేసరికి ఆమె ముఖం మారింది. "వజ్రము పదార్థములన్నిటిలోనూ మిక్కిలి కఠినమైనది. అయినను సుత్తితో కొట్టినచో" అని ఉంది. అక్కడికి కాగితం చినిగిపోయింది.

కొట్టినచో ఏమవుతుంది? కట్ట అంతా వెతికింది. మిగతా సగం లేదు. తల పట్టుకొని ఆలోచిస్తే గుర్తొచ్చింది. పొద్దున గార్డుగారి యూనిఫారం మడతలో పెట్టింది ఆ సగాన్నే. బండి అట్లాగే వదిలేసి పరుగెత్తింది. కొప్పులో నేను.

జయలక్ష్మమ్మ వంటింట్లో ఉంది. "ఏమే, ఎవరైనా తరుముతున్నారా?" అంది.

"అమ్మా, పొద్దున చొక్కాలో కాగితం పెట్టినా. అది కావాల."

"చొక్కా కావాలంటే అర్థముంది. కాగితం ఏం చేసుకుంటావు? ఊరగాయ జాడీ కింద వేశాను."

"జాడీ ఎత్తమ్మా, నీకు పున్నెముంటాది."

జయలక్ష్మమ్మ గొణుక్కుంటూ ఎత్తింది. కాగితం నూనె ఓడుతోంది. ఉరుకుందమ్మ దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుంది. నూనెకు అవతలివైపు అక్షరాలు కూడా ఇటు కనబడుతున్నాయి. అయినా చదివింది: "పగిలి ముక్కలగును. కాఠిన్యము వేరు, పెళుసుతనము వేరు."

ఆమె అక్కడే గోడకు ఆనుకొని కూర్చుంది. యాభై రాళ్లు, అంది మెల్లగా. జయలక్ష్మమ్మకు ఏమీ అర్థం కాక మంచినీళ్లు ఇచ్చింది.

ఆ మధ్యాహ్నమే కార్డు కొనుక్కొచ్చింది. ఇస్త్రీబల్ల మీద కార్డు పెట్టి, నన్ను పట్టుకొని, జన్మలో మొదటి ఉత్తరం రాసింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య నా మొన నాలుకకు అద్దుకునేది. 'సుత్తితో కొట్టవద్దు. వజ్రం గూడా పగులుతుంది. పుస్తకంలో ఉంది. నేనే చదివినా. నా దగ్గు తగ్గింది. ఉరుకుందమ్మ.' దగ్గు తగ్గలేదు. అది అబద్ధమని తెలిసీ రాశాను. మేము చేతులు రాయమన్నదే రాస్తాం.

తుగ్గలి స్టేషన్ ఎదుట టీకొట్టు ఓబులేసు పేరు మీద కార్డు వేసింది. డబ్బాలో పడ్డ చప్పుడు వినబడే దాకా చెయ్యి తీయలేదు. వారం, రెండు వారాలు, జవాబు లేదు.

ఆగస్టు రెండో వారంలో ఒక పొద్దున ప్యాసింజరు దిగి సుంకన్న ఒక్కడే వచ్చాడు. భుజాన ఖాకీ సంచి ఉంది. అది అతని సంచి కాదు.

"బావా, ఆయనేడీ?"

"ముందు నువ్వు కూసో."

"బాగుండాడా?"

"బాగనే ఉండాడు. ఉండాడనే అనుకుంటాండా. కూసోమ్మా, చెప్తా." సుంకన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రేగ్గింజంత రాయి దొరికింది వానికి. నోట్లో పెట్టుకోని సల్లగుందన్నాడు. నోటి ఆవిరి ఊదితే రాయి మీద నిలబళ్లేదన్నాడు. నేను గూడా ఎప్పుడూ సూడలా అట్లాటిది. బండ మీద పెట్టినాడు. కొట్టినాడు."

ఉరుకుందమ్మ కూర్చుని సంచిని ఒళ్లోకి లాక్కుంది.

"అయిదారు తునకలాయ. అందరం నవ్వినాం. వాడూ నవ్వినాడు. యాభై ఒకటి అన్నాడు. ఇంక సాలన్నా, రేపు ఇంటికి పోదాం అన్నాడు. సంచి గూడా సర్దుకున్యాడు. మర్నాడు నీ కార్డొచ్చింది. రైలుకట్ట తెగి బండ్లు రాక యాడనో ఆగిపోయినాదంట, పది దినాల టపా అంతా ఒకేసారి తెచ్చినారు. కార్డు సేతిలో పెట్టుకోని ముందు అందరికీ సూపిచ్చినాడమ్మా. నా పెండ్లాము రాసింది, సొంతంగా రాసింది అని. ఓబులేసుకు, పక్కనోళ్లకు, ఎవురో గూడ్సు గార్డుకు గూడా సూపిచ్చినాడు. ఎంత మురిసిపాయనో. అదంతా అయినాక సదువుకున్యాడు."

బండి మీద పెట్టెలో బొగ్గులు చిటపటలాడాయి. ఎవరూ విసరలేదు.

"సదివినోడు సక్కగా ఆ బండ కాడికి పోయి మోకాళ్ల మీద కూసోని తునకలన్నీ ఏరినాడు. మట్టి జల్లెడ పట్టి మరీ ఏరినాడు. మూటగట్టి సంచిలో పెట్టి, అన్నా, ఇది ఇంట్లో ఇయ్యి, దానికి సూపిచ్చే మొగం నాకు లేదు, ఇంకోటి దొరికినాక వస్తా అన్నాడు. నేను టీ తాగొచ్చేలోగా లేడు. వారం దినాలు ఎతికినానమ్మా. జొన్నగిరి, పగిడిరాయి, గుత్తి దాంక పోయినా."

ఆమె సంచి విప్పింది. తాను పెట్టిన క్రమంలోనే ఉన్నాయి అన్నీ. పంచెలు, తువ్వాలు, దుప్పటి, గోతం. అడుగున సుత్తి. దాని పక్కన తువ్వాలు అంచు చింపి కట్టిన చిన్న మూట. మూట విప్పలేదు. సంచి తిరగేసి దులిపింది. మూలమూలలా వేలు పెట్టి చూసింది.

"ఏం ఎతుకుతాండావు?"

"పెన్సిలు లేదు బావా."

"జోబీలోనే ఉండిపోయిందేమోలే."

"పెన్సిలు తీసుకపోయినాడు," అంది ఉరుకుందమ్మ. ముఖంలోకి కొంచెం వెలుగొచ్చింది. "అంటే రాస్తాడు."

మనుషులు ఆశ పెట్టుకోవడానికి ఎంత చిన్న వస్తువైనా సరిపోతుంది. నేనూ అదే ఆశ పెట్టుకున్నాను కనుక ఆమెను ఏమీ అనలేను.

ఆ మూటను రేకుపెట్టెలో నా పక్కన పెట్టింది. అతను వచ్చాక అతని చేతికే ఇవ్వాలని ఎవరికీ చూపించలేదు. గుడ్డ చిరుగులోంచి ఒక తునక నా ఒంటికి తగులుతూ ఉండేది. మొదటిరోజు నేను ఒళ్లంతా చెవులు చేసుకున్నాను. కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన తోబుట్టువు, నేలలో ఏ లోతునో నాకు దూరమై వజ్రమైనది, ముక్కలై అయినా నా పక్కకు వచ్చింది కదా అనుకున్నాను. ఏమీ వినబడలేదు. చుట్టరికం తగల్లేదు. తెల్లగా, చల్లగా, తన మానాన తాను పడుంది. అది పలుగురాయి. చేలలో గంపలకొద్దీ దొరికే ఉత్త పలుగురాయి.

పక్కనే బొగ్గు సంచి ఉంది. ఇదంతా విన్నదో లేదో తెలియదు. ఆమె రోజూ గుప్పెడు తీసి ఇస్త్రీపెట్టెలో వేసేది. అవి కాలి బొగ్గుపులుసు గాలై పోయేవి. నేను మాత్రం రేకుపెట్టెలో, తెలిసిన మాట నోట్లో పెట్టుకొని పడి ఉన్నాను. ఎనిమిది నెలలు.

ఉగాది ముందు ఆమె ఆ మూటను కంసాలి వీరబ్రహ్మాచారి దగ్గరికి తీసుకెళ్లింది. అతుకు పెట్టే వీలుంటుందేమో అడగాలని. అతను వస్తే ముక్కలుగా కాక ఒకటిగా చూపించాలని ఆమెకు కోరిక. ఆచారి భూతద్దం కంటికి పెట్టుకొని ఒక్క తునక చూశాడు. రెండోది చూడలేదు.

"పలుగురాయమ్మా ఇది. ఎవరు చెప్పారు వజ్రమని?"

"ఎవురూ చెప్పలా," అంది ఉరుకుందమ్మ. "నేనే రాస్తి."

ఇంటికి వచ్చి నన్ను తీసి, కత్తిపీటతో చెక్కి, కార్డు మీద రాసింది: 'అది పలుగురాయి. వజ్రం కాదు. నువ్వేమీ పోగొట్టలేదు. ఇంటికి రా.' ఓబులేసు టీకొట్టుకు వేసింది. తొలకరి పడగానే మరొకటి రాసింది. ఆ పై ఏడు మరొకటి. సుంకన్న చేలకు పోయినప్పుడల్లా చూసొచ్చి చెప్పేవాడు. వస్తే చదువుకుంటాడని ఓబులేసు కొట్టు గోడకు మేకు కొట్టి, కార్డులన్నీ దానికి గుచ్చి పెట్టాడట. పొయ్యి పొగకు నల్లబడ్డాయట. అక్షరాలు మాత్రం పోలేదట.

బాల్‌పెన్ను కొనిస్తామన్నారు ఎంతోమంది. ఆమె ఒప్పుకోలేదు. వానలో తడిస్తే సిరా కారుతుంది, ఆయన చేతికి అందేసరికి ఏ వానలో ఉంటాడో అనేది. కార్డుకు ఒక చెక్కు చొప్పున నేను తరుగుతూ వచ్చాను. నా ఒంట్లో ఉన్న కర్బనమంతా దాదాపు ఆ నాలుగు మాటలుగానే అరిగిపోయింది. కొండలోంచి వచ్చిన నాకు అంతకంటే పెద్ద పని దొరికేది కాదనుకుంటాను. అతని చెవి వెనక మసి చుక్క ఏ వానకో కడుక్కుపోయి ఉంటుంది. అతని జేబులో నా సగం ఉంది. అది ఒక్క మాట రాసినా, ఎంత దూరం నుంచి వచ్చినా, ఆ రాత నేను గుర్తుపడతాను.

ఇప్పుడు వేళ్లకు అందను. ఇస్త్రీ బండి లేదు. వీధిలో అందరిళ్లలోనూ కరెంటు పెట్టెలు వచ్చాయి. బొగ్గు ముందు నిలబడే పని ఆమెకు ఎవరూ తప్పించకుండానే తప్పింది. దగ్గు మాత్రం ఉంది. ప్యాసింజరు కూతకు రేకుపెట్టె మూత తీసి నేనున్నానో లేదో చూసి మళ్లీ వేస్తుంది.

మద్దిలేటి ఇల్లు విడిచింది పంతొమ్మిది వందల ఎనభై మూడు, జూన్ పన్నెండు, ఆదివారం. సుంకన్న అతన్ని కడసారి చూసింది అదే ఏడు ఆగస్టు ఆరు, శనివారం. అతను తిరిగి రాలేదు. అతని జేబులో ఉన్న నా సగం కూడా రాలేదు.